ఐదో మీట

సముద్రమట్టానికి దిగువన ఉంటుంది ఇక్కడి నేల.
గట్టు తెగిందంటే ఈ గడ్డిని
ఆవులకంటే ముందు చేపలు మేస్తాయని నవ్వుతాడు హిల్కె.
నవ్వుతూనే, కాలువ దగ్గర పంపు ఆడుతోందా లేదా అని
ఓ చెవి అటు వేసి ఉంచుతాడు.

అతని కొట్టంలోకి నేను వచ్చిందీ వినడానికే.
నూట ముప్పై ఆవుల మెడల్లో పట్టీలు,
పట్టీకొక మైకు, చిక్కుడు గింజంత.
రెండు చలికాలాలు ఆ అరుపులన్నీ
ఏరి, చెరిగి, మట్టిబెడ్డలు తీసి
నాలుగు బుట్టల్లో పోశాను:
ఆకలి. నొప్పి. ఎద. బెదురు.
యంత్రం నేర్చుకుంది.
నూటికి తొంభై ఒకటి.
విశ్వవిద్యాలయంలో కేకు కోశారు.
మిగిలిన డబ్బుతో బడిపిల్లలకు
ఆట ఒకటి చెయ్యమన్నారు.

చేశాను.
తెరమీద ఆవు అరుస్తుంది. కింద నాలుగు మీటలు.
సరైనది నొక్కితే గడ్డిలో పువ్వు పూస్తుంది,
తప్పు నొక్కితే కొట్టంలో దీపం ఆరిపోతుంది.

శుక్రవారం. కిటికీల మీద వడగళ్లు.
పదకొండు మంది పిల్లలు, పది కొట్టాలు వెలుగుతున్నాయి.
యిల్డౌది ఒక్కటే చీకటి.
హిల్కె మనవరాలు. తొమ్మిదేళ్లు.
స్వెటర్ చేతుల్లో మాగిన మేత పులుపు వాసన.

తప్పు నొక్కిందని కాదు,
అసలు నొక్కడమే లేదు.
గడువు అయిపోతుంది, దీపం పోతుంది.
మళ్లీ మొదలుపెడుతుంది,
మళ్లీ ఆ ఒక్క అరుపు దగ్గరే
చేతులు ఒళ్లో పెట్టుకుంటుంది.

"ఆకలి నొక్కవే, పువ్వొస్తుంది" అని పక్కనుంచి రింక్.
"ఆకలి కాదు. ఇది మా క్లాస్కె.
ముందు మేత పెట్టుకునే అరిచింది."

"మరేమిటి?" అన్నాను,
జవాబు నా దగ్గరుందన్న గొంతుతో.

"దూడని లారీ ఎక్కించారు కదా."

సోమవారం తర్వాత మంగళవారం అన్నట్టు చెప్పి
వడగళ్లు చూడ్డానికి తల తిప్పుకుంది.

ఆ రాత్రి చిట్టా తీశాను.
క్లాస్కె ఎనభై ఏడు. ఈనింది మార్చి తొమ్మిదిన.
మగదూడ. రెండు వారాలు తల్లి దగ్గరే,
హిల్కెది పాత పద్ధతి.
ఇరవై మూడున లారీ.
అరుపు: ఇరవై మూడు, సాయంత్రం ఐదూ పది.
మేతబండి వేళ ఐదున్నర
కాబట్టి ఆకలి అని రాసి ఉంది,
నా చేతిరాతతో.
యంత్రానిదేం తప్పు లేదు,
నేను పోసిన కుంచాన్నే
నాకు తిరిగి కొలిచింది.

ఆకలి బుట్ట మొత్తం బోర్లించి
తెల్లారేదాకా మళ్లీ ఏరాను.
రెండువందల ఆరు.
వింటుంటే తేడా తెలుస్తోంది,
చివర కొంచెం పైకి లేచి
బదులు కోసం ఆగుతుంది.
ఆ ఆగడాన్ని నేను
నిశ్శబ్దం అనుకుని కత్తిరించేశాను.

ఐదో మీట పెట్టాను.
పేరు ఏమిటంటే పిల్లలు పదకొండు చెప్పారు,
పేరు లేకుండానే వదిలేశాను.
అది నొక్కితే ఏం పూయాలన్నదే తేలలేదు.
పువ్వు వద్దంది యిల్డౌ.
దీపం ఆర్పడమూ అన్యాయమే అన్నాడు రింక్.
ఇప్పటికి
ఆవు కాసేపు అలా నిలబడి ఉంటుంది,
అంతే.

వంటింటి బల్ల దగ్గర హిల్కె ఆడి చూశాడు.
మొద్దు వేలు, ఒక్కోసారి రెండు మీటలు పడతాయి.
నాలుగూ తడుముకోకుండా దాటాడు.
ఐదో దగ్గర కళ్లద్దాలు తీసి తుడిచాడు,
అవి శుభ్రంగానే ఉన్నాయి.
"నలభై ఏళ్లుగా వింటున్నాను" అన్నాడు.
"బ్యాంకువాడికి ఇది వినపడదు."

కాఫీ చల్లారింది.
లేచేముందు అడిగాడు:
"లారీ వచ్చే రోజు
దాని మెడలో పట్టీ తీసెయ్యొచ్చా?"

"తియ్యొచ్చు" అన్నాను. "రెండే మరలు."

బయట పంపు ఆడుతోంది.
ఇద్దరం దాన్నే విన్నాం.